ట్రాక్టరు భుజాన కావడి

మోసేవానికి తెలుసు కావడి బరువు అన్నారు పెద్దలు. ఈ సామెతను సంసార భారాన్ని గురించి చెప్పుకోవడమే మనకు అలవాటు. నిజంగా కావడి మోసిన వానిని అడిగితే అతడు మరొక సంగతి చెబుతాడు. కుండలలోని నీటి బరువు ఒక ఎత్తు, ఆ రెండు కుండల నడుమ తూకం ఒక ఎత్తు. ఒక కుండ సగమైతే మోసేవానికి సుఖం కలగదు. బద్ద ఒరుగుతుంది, భుజం తప్పుతుంది, మనిషి తూలుతాడు. నిండు కుండలు రెండూ మోసినవాడు నిబ్బరంగా నడుస్తాడు. ఒక్క కుండ మోసేవాడు వంకర తిరిగి నడుస్తాడు.

ఈ చిన్న సత్యాన్ని మా పల్లెలు మళ్ళీ ఒకసారి నేర్చుకోవలసిన అవసరం వచ్చింది. ట్రాక్టరు వెనుక ఒక ఇనుప దూలం బిగించి, దాని కొసన కొక్కెం తగిలించి, రాళ్ళూ మోటార్లూ పైపులూ ఎత్తే పద్ధతి ఇప్పుడు మెట్ట ప్రాంతాలలో కనిపిస్తున్నది. దీనిని అమ్మే కంపెనీలవారు బూమ్ పోల్ అంటారు. చూడడానికి ఇంత సులువైన పరికరం మరొకటి లేదు. ఆ సులువు వెనుక ఉన్న లెక్క తెలియకపోతే ఇంత ప్రమాదకరమైనదీ మరొకటి లేదు. ఈ విషయం మన కళాశాల విద్యార్థి మిత్రుల దృష్టికి తేవాలన్నదే మా ఉద్దేశం. మనలో చాలామంది ఇళ్ళలో ట్రాక్టరు ఉన్నది; లేని ఇంటివారు ట్రాక్టరు వెంట కూలికి పోయేవారు. కావున ఇది ఎవరికీ పరాయి విషయం కాదు.

మాది వెలిగండ్ల. ఒక వైపు కనిగిరి, మరొక వైపు చంద్రశేఖరపురం, పామూరు. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేవరకు కనిగిరి తాలూకా అంతా నెల్లూరు జిల్లాలో ఉండేది. జిల్లా మారినా నేల మారలేదు. వాన తక్కువ, రాయి ఎక్కువ. నాగలి సాలుకు తగిలే రాళ్ళను ఏరి గట్లకు చేర్చడం మా తాతల నాటి నుండి ఉన్న పని. కంచెకు రాయి, గేటుకు రాయి, ఇంటి ముందు అరుగుకు బండ, బావికి ఒర రాయి. నీటికోసం దిగినకొద్దీ అడుగునా రాయే. బోరు వేస్తే వందల అడుగులు పోవాలి. ఆ లోతున దించిన మోటారు చెడితే మళ్ళీ పైకి తీయాలి. ఈ విధంగా మా మెట్ట రైతు బ్రతుకంతా బరువులు దించడంలోను, ఎత్తడంలోను గడుస్తుందంటే అతిశయోక్తి కాదు.

మా ప్రాంతపు పూర్వులు రాతి బరువును గౌరవించినవారు. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనకు పోయి చూడండి. కొండలోని రాతిని కదల్చకుండానే, ఉన్నచోటనే తొలిచి ఎనిమిది గుడులు చేశారు. ఎత్తనక్కరలేని బరువును ఎత్తకపోవడం కూడా ఒక శిల్పశాస్త్రమే. మరొక వైపు, కంభం వద్ద రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట పోసి చెరువు కట్టినవారు ఎన్ని రాళ్ళను ఎన్ని భుజాలమీద మోసి ఉంటారో ఊహించడం కష్టం. ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. కట్టను గుర్తించారు సరే, ఆ భుజాలను గుర్తించేదెవరు?

ఇంజను రాకముందు మన రైతుకు యంత్రశాస్త్రం తెలియదనుకోవడం పొరపాటు. ఏతం ఒక తులాదండం. నడుమ ఆధారం, ఒక కొసన నీటి బాన, మరొక కొసన మనిషి నడకో రాతి బరువో. కపిల బావి మీద గిలక ఎద్దుల బలాన్ని మళ్ళించి నీటిని పైకి తెచ్చేది. వడ్డెరల చేతిలోని గడ్డపార ఒక మీట; దాని కింద పెట్టే చిన్న రాయి దాని ఆధారం. ఆధారం రాతికి ఎంత దగ్గరగా ఉంటే రాయి అంత సులువుగా లేస్తుందని వారికి ఏ పాఠశాలా చెప్పలేదు. మనం ప్లస్ టూ భౌతికశాస్త్రంలో "బలం గుణించు లంబదూరం" అని వల్లించే సూత్రాన్ని వారు అరచేతి బొబ్బలతో నేర్చుకున్నారు.

ఇక ట్రాక్టరు సంగతి. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాదులో ఐషర్ సంస్థతో మొదలైంది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను చేయసాగింది. ఆ పేరులోని ఫెర్గూసన్ కథ మన విషయానికి చాలా దగ్గరది.

హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఐర్లండులోని ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో, ఐర్లండు ట్రాక్టర్ల పనితీరును చక్కదిద్దే బాధ్యత అతనికి లభించింది. ఆనాటి ట్రాక్టరు నాగలిని గొలుసుతో బండిని లాగినట్లు లాగేది. నాగలి భూమిలోని రాతికి తగిలి ఆగిపోయినా ఇంజను ఆగదు. వెనుక చక్రాలు కదలలేకపోతే, ట్రాక్టరు శరీరమే వెనుక ఇరుసు చుట్టూ తిరిగి ముందుభాగం లేచి డ్రైవరు మీద పడేది. ఈ విధంగా ప్రాణాలు పోయేవి. ఈ ఆపదకు ఫెర్గూసన్ కనిపెట్టిన విరుగుడే మూడు బిందువుల జోడింపు: వెనుక కింద రెండు చేతులు, పైన ఒక చేయి. కింది చేతులను హైడ్రాలిక్ లేపుతుంది, దించుతుంది. పై చేయి, అనగా టాప్ లింకు, పరికరం ఒత్తిడిని తిరిగి ట్రాక్టరు ముందు భాగంలోనికి నెడుతుంది. నాగలి రాతికి తగిలితే ఆ దెబ్బకే ముందు చక్రాలు నేలకు అదుముకుంటాయి. 1938లో అతడు హెన్రీ ఫోర్డుతో చేయి కలిపి మాట ఇచ్చిపుచ్చుకున్నాడు. 1939లో ఆ ఏర్పాటుతో ఫోర్డు ట్రాక్టరు వచ్చింది. నేడు మన పొలాలలో కల్టివేటరు ఎత్తి దించే ప్రతి ట్రాక్టరు ఆయన ఋణం తీర్చుకుంటున్నదే.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటున్నది. నాగలి నేలలో ఉంటుంది. నేల దానిని పట్టుకొని ఉంటుంది. ఫెర్గూసన్ రక్షణ అంతా ఆ నేల పట్టుమీద ఆధారపడినది. అదే మూడు చేతులకు మనం ఒక పొడవాటి దూలం బిగించి, దాని కొసన గాలిలో ఒక రాతిని వేలాడదీస్తే ఏమవుతుంది? నేల పట్టు లేదు. రాయి కిందికి లాగుతుంది, దూలం మీటవుతుంది, వెనుక ఇరుసు ఆధారమవుతుంది, ముందు చక్రాలు పైకి లేస్తాయి. ముందుభాగం లేవకుండా కాపాడడానికి పుట్టిన ఏర్పాటే ముందుభాగం లేపే సాధనంగా మారుతుంది.

మా ఇంటి దూలాన్ని కనిగిరిలో వెల్డింగు పని చేసే ఒక ఉస్తాదు చేశాడు. రెండు మీటర్ల గట్టి ఇనుప గొట్టం, దాని మొదట కింది చేతులకు అడ్డంగా ఒక బలమైన కడ్డీ, టాప్ లింకు తగిలించడానికి నిలువు పలకలు, గొట్టం పొడవునా మూడు చోట్ల కొక్కేలు. ఆయన మూడు కొక్కేలు ఎందుకు పెట్టాడో ఆనాడు మాలో ఎవరికీ పట్టలేదు. అందరి చూపూ కొసన ఉన్న కొక్కెం మీదనే. ఉస్తాదు మాత్రం మా అన్నను దగ్గరకు పిలిచి, "భాయ్, బరువు తక్కువైతే చివరి కొక్కెం, బరువు ఎక్కువైతే మొదటి కొక్కెం. ఇంజను మాట వినొద్దు, ముందు చక్రాల మాట వినండి" అన్నాడు. ట్రాక్టరు నడిపేవారందరూ గోడమీద రాసి పెట్టుకోదగిన మాట అది.

కొన్నేళ్ళ క్రిందటి వేసవిలో ఆ దూలంతో మా చేను చుట్టూ కంచె రాళ్ళు నిలిపే పని పెట్టుకున్నాము. రెండు మీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల మందం గల రాళ్ళు. గట్టిరాయి ఘనపు మీటరుకు సుమారు 2700 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన ఒక్కొక్క రాయి సుమారు 108 కిలోలు. పూర్వం నలుగురు మనుషులు బొంగులకు కట్టి మోసేవారు. ఆనాడు ఉదయం నుండి మధ్యాహ్నం దాకా ట్రాక్టరు వాటిని ఆడుతూ పాడుతూ మోసింది. ఊళ్ళోవారు వచ్చి చూచి మెచ్చుకున్నారు.

సాయంకాలం గేటు స్తంభం వంతు వచ్చింది. మూడు మీటర్ల పొడవు, నలువైపులా పావు మీటరు. లెక్క కడితే 506 కిలోలు. ఉదయమంతా చేసిన పనే కదా అన్న ధైర్యంతో మా అన్న అదే చివరి కొక్కేనికి స్తంభాన్ని కట్టించాడు. హైడ్రాలిక్ పిడిని లేపాడు. దూలం బిగిసింది. స్తంభం నేలను వదలలేదు. దానికి బదులు ట్రాక్టరు ముందు చక్రాలు రెండూ నేలనుండి జానెడు పైకి లేచాయి.

అంతవరకు కేకలు, నవ్వులు వినిపించిన చేనిలో ఒక్కసారిగా నిశ్శబ్దం ఆవరించింది. మా అన్న పిడిని మెల్లగా దించాడు. చక్రాలు నేల తాకాయి. అతని ముఖం పాలిపోయింది. "పుస్తకంలో పద్నాలుగు వందల కిలోలు ఎత్తుతుందని రాశారు గదా!" అన్నాడు. పుస్తకం అబద్ధం చెప్పలేదు. మన ప్రాంతాలలో తిరిగే 35 నుండి 45 అశ్వశక్తి ట్రాక్టర్లకు సాధారణంగా 1100 నుండి 1600 కిలోల దాకా ఎత్తే శక్తి ఉన్నదని కంపెనీలు వ్రాస్తాయి. అది కింది చేతుల చివర కొలిచిన శక్తి. అక్కడినుండి మరి రెండు మీటర్లు వెనక్కు పోయిన దూలం కొసకు ఆ అంకె వర్తించదు.

మిత్రులు ఓపికతో ఈ లెక్కను ఒకసారి చూడవలెనని మా మనవి. ఒక ట్రాక్టరు బరువు 1800 కిలోలు అనుకుందాము. అందులో 720 కిలోలు ముందు చక్రాల మీద, 1080 కిలోలు వెనుక చక్రాల మీద ఉన్నవి. రెండు ఇరుసుల నడుమ దూరం 1.9 మీటర్లు. వెనుక ఇరుసు కావడి మోసే భుజం. ముందు కుండ 720 కిలోలు, 1.9 మీటర్ల దూరాన వేలాడుతున్నది. దాని భ్రమణబలం 720 గుణించు 1.9, అనగా 1368. కింది చేతులు ఇరుసుకు 0.9 మీటరు వెనుక ముగుస్తాయి. దూలం మరి రెండు మీటర్లు. అంటే వెనుక కుండ 2.9 మీటర్ల దూరాన వేలాడుతున్నది. దూలం బరువు 50 కిలోలు, దాని నడిమి బిందువు ఇరుసుకు 1.9 మీటర్ల దూరాన. దాని వంతు 95. మిగిలిన 1273ను 2.9తో భాగిస్తే 439 కిలోలు. అంత బరువు కొసన వేలాడితే ముందు చక్రాల మీద ఇక ఏమీ మిగలదు. మా స్తంభం 506 కిలోలు. అది లేవలేదు, చక్రాలు లేచాయి. ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమున్నది?

సరే, 439 కిలోలకు ఒక కిలో తక్కువైతే క్షేమమా? కాదు. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకొని ఉంటేనే స్టీరింగు మాట వింటుంది. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం ఐదవ వంతు ముందు చక్రాల మీద ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం. మన ఉదాహరణలో అది 360 కిలోలు. ఆ విధంగా లెక్కిస్తే కొసన ఎత్తదగిన బరువు 203 కిలోలకు దిగిపోతుంది. పద్నాలుగు వందలు ఎక్కడ, రెండు వందలు ఎక్కడ! అదే బరువును ఇరుసుకు 1.2 మీటర్ల దూరాన ఉన్న మొదటి కొక్కేనికి తగిలిస్తే దాదాపు 490 కిలోల దాకా మోయవచ్చును. ఉస్తాదు మూడు కొక్కేలు పెట్టిన రహస్యం ఇదే. ముందుభాగంలో ఇనుప బరువులు వంద కిలోలు బిగిస్తే కొసన మరొక 70 కిలోల వెసులుబాటు వస్తుంది. ముందు కుండ నింపినకొద్దీ వెనుక కుండ నిండుతుంది.

ఆ సాయంకాలం చక్రాలు దిగిన తరువాత గుంపులో ఒక యువకుడు, "నలుగురం ముందు బానెట్టు మీద కూర్చుంటాము, లేపన్నా" అన్నాడు. ఈ పద్ధతి మన పల్లెలలో కొత్తది కాదు. బరువు చాలకపోతే మనుషులను ఎక్కించడం చూస్తూనే ఉన్నాము. ఇనుప బరువుకు, మనిషి బరువుకు ఒక భేదం ఉన్నది. ఇనుము భయపడి దూకదు. ట్రాక్టరు కాస్త ఊగగానే ఒకడు దూకుతాడు. వాని బరువు పోగానే మిగిలినవారు గాలిలోకి లేస్తారు. ట్రాక్టరు వెనక్కు తిరగబడడానికి ఒకటిన్నర సెకను చాలు. అందులో సగం గడిచేసరికే డ్రైవరు చేతిలో చేయదగినది ఏదీ మిగలదు. "అయ్యో" అన్న మాట పూర్తి కాకముందే అంతా అయిపోతుంది.

ఆ సలహాను ఆపినవాడు మా చేనిలో రాళ్ళు కొట్టిన వడ్డెర వృద్ధుడు. ఆయన ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. వయసులో ఉన్నప్పుడు మోకు జారి బండ కింద నలిగిపోయాయి. చెట్టు నీడన కూర్చొని అంతవరకు మాట్లాడని ఆయన లేచి వచ్చి, "మొత్తం రాయి ఎందుకు ఎత్తుతారు నాయనా? ఒక కొస ఎత్తండి. రెండో కొస నేల మోస్తుంది" అన్నాడు.

అంతే మాట. స్తంభం అడుగు కొసను గుంత అంచుకు చేర్చారు. తల కొసకు మాత్రం మోకు కట్టారు. ఇప్పుడు కొక్కెం మీద పడేది స్తంభంలో సగం బరువే, 253 కిలోలు. దానిని కూడా నడిమి కొక్కేనికి మార్చారు. ఇరుసుకు 1.6 మీటర్ల దూరాన మన లెక్కకు 368 కిలోల దాకా క్షేమం. దూలం లేపగలిగినంత ఎత్తుకు తల లేచింది. అక్కడ దుంగలు పేర్చి ఆనించారు. మోకు కురుచ చేసి మళ్ళీ లేపారు. సగం లేచిన తరువాత ట్రాక్టరును పక్కకు తీసి, రెండు వైపులా తాళ్ళు పట్టి, బొంగులతో నెట్టి నిలిపారు. స్తంభం గుంతలోకి జారి నిటారుగా నిలిచినప్పుడు ముందు చక్రాలు నేలమీదనే ఉన్నాయి. ఎవరి వేలికీ గాయం కాలేదు.

నాటి నుండి మాకు ఒక సంగతి బోధపడింది. యంత్రం వచ్చి అనుభవాన్ని పనికిరానిదిగా చేసిందనే మాట పైపై చూపు మాత్రమే. నిజానికి యంత్రం కూలిని తగ్గించింది. ఆరుగురు చేసే పనికి ఇప్పుడు ఇద్దరు చాలు. మిగిలిన నలుగురి ఇంటిలో ఆనాడు పొయ్యి ఎలా వెలుగుతుందన్నది యంత్రం అడగని ప్రశ్న. ఆ ప్రశ్నను మనం అడగాలి. రాతికి నడిమి బిందువు ఎక్కడ ఉన్నదో, మోకు ఎక్కడ కడితే జారదో, ఏ రాయి లోపల పగులు ఉన్నదో తెలిసినవాడు ఆ వృద్ధుడే గాని ట్రాక్టరు యజమాని కాదు. కాబట్టి దూలంతో పని చేయించే రైతు రాతిపని తెలిసిన మనిషిని కూలివానిగా పిలవడం మాని, పనికి మేస్త్రిగా పిలిచి మేస్త్రి కూలి ఇవ్వడం న్యాయం. అది దానం కాదు. తన ప్రాణానికి తాను కట్టుకునే రక్షణ సుంకం.

బోరు మోటార్ల సంగతి కూడా చెప్పి ముగించవలసి ఉన్నది. మా ప్రాంతంలో ఎక్కువ మంది దూలం కొనాలని ఆశపడేది అందుకే. ఒకటిన్నర అంగుళాల ఇనుప పైపు మీటరుకు సుమారు మూడున్నర కిలోలు తూగుతుంది. పైపులో నిలిచిన నీరు మీటరుకు మరొక కిలో మూడు వందల గ్రాములకు పైన. వంద మీటర్ల పైపు ఉంటే అదే దాదాపు 490 కిలోలు. మోటారు బరువు వేరు. మా బోర్లు వంద మీటర్లతో ఆగేవి కావు. పైగా దూలం కొస ఒక విడతకు ఒక మీటరో, కొంచెం ఎక్కువో లేస్తుంది. పైపు పొడవు ఇరవై అడుగులు. ప్రతి మీటరుకూ పట్టీ బిగించి, వదలి, మళ్ళీ పట్టుకోవాలి. ఒక్క పట్టీ జారితే పైపులూ మోటారూ బోరు అడుగున పడతాయి. అప్పు చేసి వేసిన బోరు పూడిపోతుంది. మూడు కాళ్ళ స్తంభం, చైన్ పుల్లీ పట్టుకొని వచ్చే బోరు మెకానిక్కు పని నిదానంగా సాగవచ్చు. ఆ మూడు కాళ్ళు బరువును నేరుగా నేలకు అప్పగిస్తాయి. ఎవరి ముందు చక్రాలూ లేవవు. దూలం పని మోటారు బయటకు వచ్చిన తరువాత మొదలవుతుంది. దానిని ట్రాలీలోకి ఎక్కించడం, దించడం. ప్రతి సాధనానికీ తన హద్దు తనకున్నది.

మరి కొన్ని జాగ్రత్తలు క్లుప్తంగా. దూలంతో ఎత్తవచ్చును గాని ఈడ్చరాదు. పూడుకుపోయిన మొద్దునో, బురదలో దిగిన బండినో దూలానికి కట్టి లాగితే ఫెర్గూసన్ నాటి ప్రమాదం తిరిగి వస్తుంది. లాగవలసిన దానిని వెనుక ఇరుసుకు కింద ఉన్న డ్రాబారుకే కట్టాలి. బరువుతో కదిలేటప్పుడు దానిని నేలకు జానెడు ఎత్తున ఉంచి, ఊగకుండా ట్రాక్టరుకు తాడుతో కట్టి, నడక వేగాన పోవాలి. ఏటవాలు గట్టు మీద అడ్డంగా నడపరాదు. క్లచ్చి ఒక్కసారిగా వదలరాదు. పిడిని ఝుమ్మున లేపడం, సగంలో ఠక్కున ఆపడం బరువును బరువుకు మించి చేస్తాయి. ఇంజను ఆపినా హైడ్రాలిక్ నూనె మెల్లగా జారి బరువు దిగుతుంది. వేలాడే రాతిని వదలి టీ తాగడానికి పోరాదు. అన్నిటికంటె ముఖ్యం, వేలాడే బరువు కింద మనిషి గాని, చేయి గాని, కాలు గాని ఉండరాదు. గొలుసును సరిచేయాలంటే బరువును ముందు నేలకు దించాలి.

ఇందులో ఒక్క మాటైనా మన పాఠ్యపుస్తకంలో లేనిది కాదు. మీట సూత్రం ఉన్నది, భ్రమణబలం ఉన్నది, గురుత్వకేంద్రం ఉన్నది. లేనిదల్లా ఆ పాఠానికీ మా చేనికీ నడుమ ఒక వంతెన. పరీక్షలో తులాదండపు బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, సెలవులకు ఇంటికి పోయి బానెట్టు మీద బరువుగా కూర్చుంటే ఆ చదువు ఎవరికి పనికివచ్చినట్లు?

కావున కళాశాల పాలకవర్గం పెద్దలకు మా విన్నపం ఒకటి. సంవత్సరంలో ఒక మధ్యాహ్నం భౌతికశాస్త్ర ప్రయోగశాల తలుపు మూసి, విద్యార్థులను ఒక ట్రాక్టరు వెంట దగ్గరలోని వేబ్రిడ్జి కాటాకు పంపండి. ట్రాక్టరును మొత్తం ఒకసారి, ముందు చక్రాలను మాత్రమే మరొకసారి కాటా మీద తూచమనండి. ఇరుసుల నడుమ దూరం టేపుతో కొలవమనండి. ఏ కొక్కేనికి ఎన్ని కిలోలో లెక్క కట్టమనండి. ఆ మూడు అంకెలను తెలుగులోను, ఉర్దూలోను రెండు పలకల మీద వ్రాయించి, దూలాలు చేసే ఉస్తాదుల కొట్ల ముందు వేలాడదీయించండి. ఖర్చు కాటా రుసుము, రెండు డబ్బాల రంగు. ఆ పలకను చదువుకొని ఒక్క డ్రైవరు చివరి కొక్కెం నుండి మొదటి కొక్కేనికి గొలుసు మార్చినా, ఆ సాయంకాలం ఒక ఇంటి మనిషి క్షేమంగా ఇంటికి చేరుతాడు.

విద్యార్థి మిత్రులారా! మీ ఊళ్ళో ఎవరైనా ట్రాక్టరుకు దూలం కట్టి బరువెత్తుతుంటే గుంపులో నిలబడి రాతిని చూడకండి. రాతిని అందరూ చూస్తూనే ఉంటారు. మీరు ముందుకు పోయి, ముందు చక్రాలకు కాస్త ఎడంగా నిలబడి, వాటి కింద నేల నలుగుతున్నదా లేదా చూడండి. నేల నలుగుతూ ఉన్నంతవరకు కావడి తూకంలో ఉన్నట్లు. చక్రం కింద నేల కనబడిన మరుక్షణం "దించన్నా" అని గట్టిగా కేక వేయండి. చదువుకున్నవాని గొంతుకు పల్లెలో ఇంకా విలువ ఉన్నది.